బేరిపండు పైకి రాయి, లోపల కుళ్లు: తప్పు ఎక్కడ జరిగింది?

పటమట_సుధ
ఆగస్టు 16, రాత్రి 9:12

అందరికీ నమస్కారమండీ. మొక్కల గురించి, పండ్ల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని అడుగుతున్నాను.

మా మామయ్యగారికి 82 ఏళ్లు. రైల్వేలో పనిచేసే రోజుల్లో మూడేళ్లు పఠాన్‌కోట్‌లో ఉన్నారు. అక్కడ తిన్న బబ్బుగోషా అనే మెత్తటి బేరిపండు గురించి ఇప్పటికీ చెబుతుంటారు. కొరికితే రసం మోచేతి దాకా కారేదట. ఇప్పుడు పళ్లు లేవు, మెత్తగా ఉన్నవే తినగలరు. వరలక్ష్మీ వ్రతానికి పండ్లు కొందామని బీసెంట్ రోడ్డుకు వెళ్తే బండి మీద బేరికాయలు కనిపించాయి. ఆయన మొహం గుర్తొచ్చి కిలో కొన్నాను. ఆరు తూగాయి.

మూడు కవర్లో పెట్టి మూతి కట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. మూడు బల్ల మీద గిన్నెలో పెట్టాను. బల్ల మీదవి ఐదు రోజులైనా మెత్తబడలేదు, తొక్క మాత్రం ముడతలు పడింది. ఫ్రిజ్‌లోవి పన్నెండో రోజున తీసి కోశాను. పైన పచ్చగా నిగనిగలాడుతోంది, లోపల గింజల చుట్టూ టీ డికాషన్ రంగు. మూడూ అంతే. మామయ్యగారు పళ్లెం పక్కకు జరిపి "పర్లేదులేమ్మా" అన్నారు. ఆ మాటకే నాకు చాలా బాధనిపించింది.

నేను దాచడంలో తప్పు చేశానా, కాయలోనే తప్పుందా? బాగున్న ముక్క నమిలినా పంటి కింద ఇసుక తగిలినట్టుంది, అదేమిటి? ఇంకోటి, ఒక కాయలో రెండు గింజలు తెల్లగా మొలకెత్తి ఉన్నాయి. పారేయబుద్ధి కాక కుండీలో పెట్టాను. మా మేడ మీద కాస్తాయా?

ఆరోగ్యమే_ముఖ్యం
ఆగస్టు 16, రాత్రి 9:40

అమ్మా, ఇందులో ఆలోచించడానికేముంది. కార్బైడ్ పెట్టిన సరుకు. మామిడికి పెట్టేదే దీనికీ పెడతారు. ఆ నిగనిగ కూడా మైనమే. పెద్దాయనకు అసలు పెట్టకండి. మా మనవడు ఒకసారి బయట కొన్న పండ్లు తిని రెండు రోజులు వాంతులు చేసుకున్నాడు. అప్పటి నుంచి నేను కొనడమే మానేశాను.

కేదారేశ్వరపేట_శీను
ఆగస్టు 17, ఉదయం 5:50

నేను పండ్ల హోల్‌సేల్‌లో ఉన్నానండీ. మా నాన్నగారి రోజుల నుంచీ ఇదే మా బతుకు. పెద్దవారు, మీ మనవడి సంగతి చదివి బాధేసింది. పిల్లల తిండి విషయంలో మీ భయం తప్పు కాదు. కానీ ఈ కాయ గురించి ఒక్క మాట వినండి. కార్బైడ్ పెట్టి మగ్గబెట్టిన కాయైతే సుధగారి బల్ల మీద ఐదు రోజులు రాయిలా ఎందుకుంటుంది? పెట్టెలోంచి దింపేటప్పుడే మెత్తబడి, రంగు తిరిగి ఉండాలి కదా.

బేరికాయను గట్టిగా ఉండగానే కోస్తారు. హిమాచల్‌లోనూ అంతే, కశ్మీర్‌లోనూ అంతే. కాగితం చుట్టి పెట్టెల్లో పేర్చి లారీ ఎక్కిస్తారు. నేను పెట్టె విప్పగానే చేసే మొదటి పని, ఒక కాయ తీసి ముచ్చిక దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కడం. పొట్ట దగ్గర నొక్కి చూసేవాళ్లకు బేరి సంగతి తెలియదన్నమాట. ముచ్చిక దగ్గర కొంచెం లొంగితే ఆ రోజే అమ్మేయాలి. పొట్ట మెత్తబడే దాకా ఆగితే లోపల అయిపోయినట్టే. ఎందుకలా జరుగుతుందో నాకు తెలియదు, చేతికి తెలిసిన సంగతి ఇది. మాస్టారు ఎవరైనా చెప్పాలి.

గుంటూరు_బోటనీ_మాస్టారు
ఆగస్టు 17, ఉదయం 10:25

శీనూ, నీ బొటనవేలికి తెలిసింది పుస్తకంలో ఉన్న మాటే. ఐరోపా జాతి బేరిని చెట్టు మీదే వదిలేస్తే లోపలి నుంచి బయటికి పండుతుంది. గింజ చుట్టూ ఉన్న కండ ముందు మెత్తబడుతుంది, తొక్క కింద కండ చివర్న. బయట మెత్తగా తగిలేసరికి లోపల పిండిపిండిగా అయిపోయి రంగు మారుతుంది. అందుకే గట్టిగా ఉండగా కోయడం. అది వ్యాపారుల మోసం కాదు, ఆ చెట్టు తీరే అంత. మెడ భాగం సన్నం కాబట్టి లోపలి మెత్తదనం అక్కడ ముందు చేతికి తగులుతుంది.

కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను, ఓపికగా చదవండి. కోశాక పండే పండ్లున్నాయి, పండనివి ఉన్నాయి. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మ కోసిన రోజు ఎంత తీపో అంతే. మామిడి, అరటి, సపోటా, బేరి వేరే రకం. ఇవి ఇథిలీన్ అనే వాయువును తమలో తామే తయారుచేసుకుంటాయి. కొంచెం తయారైతే అది ఇంకొంచెం తయారవడానికి పురికొల్పుతుంది, చివరికి ఒక్కసారిగా ఊపందుకుంటుంది. పిండి చక్కెర అవుతుంది, కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరుగుతుంది, వాసన పుడుతుంది. మన అమ్మమ్మలు మామిడికాయలను ఎండుగడ్డిలో కావు వేసినప్పుడు జరిగేది ఇదే. ఒక కాయ వదిలిన ఇథిలీన్ గడ్డిలో నిలిచి పక్క కాయను పండిస్తుంది. పండ్లు ఈ వాయువును వదులుతాయని 1934లో రిచర్డ్ గేన్ ఆపిల్స్ మీద రుజువు చేశాడు. కాయలో అది ఎలా పుడుతుందో తేలడానికి ఇంకో నలభై అయిదేళ్లు పట్టింది. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఏసీసీ అనే మధ్య పదార్థం, దాన్నుంచి ఇథిలీన్ అని 1979లో కాలిఫోర్నియాలో ఆడమ్స్, యాంగ్ కనిపెట్టారు.

బేరికి ఇక్కడ ఒక పట్టింపుంది. మామిడిలాగా కోసిన వెంటనే పండదు, ముందు చలి కావాలి. సున్నా డిగ్రీల దగ్గర కొన్నాళ్లు ఉంటేనే ఏసీసీని, ఇథిలీన్‌ను తయారుచేసే ఎంజైముల జన్యువులు గట్టిగా పనిచేయడం మొదలుపెడతాయి. బార్ట్‌లెట్ రకానికి రెండు మూడు వారాలు చాలు, ఒక్కోసారి అది కూడా అక్కర్లేదు. ఆంజూ అనే రకానికి 60 రోజుల దాకా కావాలి. చలి తగలని కాయను బల్ల మీద పెడితే వాడిపోతుంది తప్ప మాగదు. సుధగారూ, మీ బల్ల మీది కాయలకు చలి చాల్లేదని నా అనుమానం.

ఆరోగ్యమే ముఖ్యం గారూ, కార్బైడ్ విషయంలో మీ కోపం న్యాయమైనదే. అందులోంచి వచ్చే ఎసిటిలిన్‌తో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు వస్తాయి. మన ఆహార భద్రత నిబంధనల్లో పండ్లు మగ్గబెట్టడానికి దాని వాడకం నిషేధం. ఇథిలీన్ వాయువును మాత్రం 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల భాగాల్లో వంద భాగాల దాకా, అనుమతిస్తారు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఒకటి విషం మోసుకొచ్చేది, రెండోది పండు తనంతట తాను చేసుకునేదే.

పటమట_సుధ
ఆగస్టు 17, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్సండీ. మామయ్యగారికి చదివి వినిపించాను. కావు వేయడం అనగానే వాళ్ల అమ్మగారు నూజివీడులో గది నిండా మామిడికాయలు పరిచిన సంగతి చెప్పారు. కానీ ఒక సందేహం. బల్ల మీదవాటికి చలి చాల్లేదంటే సరే. ఫ్రిజ్‌లోవి పన్నెండు రోజులు చలిలోనే ఉన్నాయి కదా. అవెందుకు కుళ్లాయి?

తెనాలి_నుంచి_కొండలకు
ఆగస్టు 17, రాత్రి 11:30

సుధక్కా, నేను తెనాలి అమ్మాయిని. పండ్లమొక్కల మీద పీహెచ్‌డీ చేస్తూ హిమాచల్‌లో ఉంటున్నాను. నా పని బేరి, ఆపిల్ మొక్కల మీదే కాబట్టి ఈ చర్చ చూసి నిద్ర ఆపుకుని రాస్తున్నాను.

మాస్టారు చెప్పిన చలి సంగతి నిజమే. దానికి ఒకటి కలుపుతాను. బేరికి వేడి కూడా పడదు. 18 నుంచి 22 డిగ్రీల మధ్య చక్కగా మాగుతుంది. 30 దాటితే ఇథిలీన్ తయారీ, మెత్తబడటం రెండూ తడబడతాయి. ఆగస్టులో విజయవాడ వంటింట్లో ఎంత వేడి ఉంటుందో నాకు తెలుసు. మామిడి, అరటి తట్టుకుంటాయి, ఇది తట్టుకోలేదు.

కానీ నన్ను ఆపేసింది మీరు చివర్లో రాసిన మాట. గింజలు మొలకెత్తి ఉన్నాయన్నారు. బేరి గింజకు కూడా చలి కావాలి, తడిలో, నాలుగైదు డిగ్రీల దగ్గర రెండు మూడు నెలలు. మేము నర్సరీలో తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టి మొలిపిస్తాం. చలికాలం గడిచిందని నమ్మకం కలిగే దాకా మొలవకుండా ఉండటం ఆ గింజ స్వభావం, లేకపోతే కొండల మీద శరదృతువులోనే మొలిచి మంచుకు చచ్చిపోతుంది. మీ కాయలో గింజ తనంతట తానే మొలిచిందంటే ఆ కాయ నెలల తరబడి చలిలో ఉండి వచ్చినట్టు. మా దగ్గర బేరి కోత జూలై చివర్లో, ఆగస్టులో మొదలవుతుంది. మీరు వ్రతానికి కొన్న కాయ ఈ ఏటి హిమాచల్ కాయ అయితే గింజ మొలవడానికి వ్యవధే లేదు.

కాయ మీద స్టిక్కర్ ఏమైనా ఉందేమో గుర్తుందా అక్కా?

కేదారేశ్వరపేట_శీను
ఆగస్టు 18, ఉదయం 5:35

అమ్మాయి చెప్పింది చదవగానే నాకు తట్టింది. జూలై, ఆగస్టుల్లో మా దగ్గర రెండు సరుకులు కలుస్తాయి. ఒకటి కొత్తగా దిగే హిమాచల్ కాయ. రెండోది బయటి దేశాల నుంచి వచ్చిన కోల్డ్ స్టోరేజీ కాయ, దక్షిణ ఆఫ్రికాది ఎక్కువ. అక్కడ ఫిబ్రవరిలో కోస్తారు. ఇవి పచ్చగా, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉంటాయి. హిమాచల్ కాయ మీద గీతలుంటాయి, తుప్పు మరకల్లాంటి మచ్చలుంటాయి. చూపుకి ఆగేది మొదటిదే. సుధమ్మా, నున్నగా ఉన్నాయన్నారు కదా?

పటమట_సుధ
ఆగస్టు 18, ఉదయం 8:15

చెత్తబుట్ట వెతికాను. కవర్‌కు అంటుకుని చిన్న కోడిగుడ్డు ఆకారం స్టిక్కర్ దొరికింది. సగం చిరిగింది, కానీ దక్షిణ ఆఫ్రికా అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి.

గుంటూరు_బోటనీ_మాస్టారు
ఆగస్టు 18, ఉదయం 11:00

అయితే నా అనుమానం తప్పు. ఆ కాయలకు చలి చాలకపోవడం కాదు, ఎక్కువైంది. ఆరు నెలలు నిల్వ ఉన్న బేరి చాలాసార్లు మాగే శక్తినే కోల్పోతుంది. బయట పెడితే ముడతలు పడుతుంది, మెత్తబడదు. లోపల కణాల పొరలు ముసలితనంతో చిరిగిపోతాయి. పొర చిరిగితే అప్పటి దాకా వేర్వేరు గదుల్లో ఉన్న ఫినాల్ పదార్థాలు, వాటిని ఆక్సీకరించే ఎంజైము కలుసుకుంటాయి. వంకాయ కోసి పెడితే నల్లబడటం చూస్తాం కదా, అదే రసాయనం, కోయకుండానే లోపల జరిగింది. గింజ గది చుట్టూ గాలి ఆడటం తక్కువ కాబట్టి అక్కడే మొదలవుతుంది. కవర్ మూతి కట్టడం వల్ల కాయ వదిలిన కార్బన్ డయాక్సైడ్ లోపలే నిలిచి ఇంకాస్త తోడై ఉంటుంది. కానీ అసలు నష్టం మీ ఇంటికి రాకముందే జరిగింది. మొలకను చూసి కాయ వయసు పట్టుకున్న అమ్మాయికి నా అభినందనలు. నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, నాకు తట్టలేదు.

లాం_విద్యార్థి
ఆగస్టు 18, సాయంత్రం 6:45

నమస్తే. నేను అగ్రికల్చర్ బీఎస్సీ మూడో ఏడాది. సుధగారు అడిగిన ఇసుక సంగతికి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి రాస్తున్నా.

అది ఇసుక కాదు, కాయలోని కణాలే. రాతి కణాలు అంటారు. మామూలు కండ కణం పలచటి గోడతో, నీళ్లతో నిండి ఉంటుంది. రాతి కణం మాత్రం తన గోడ లోపలి వైపు పొర మీద పొర సెల్యులోజ్, లిగ్నిన్ పేర్చుకుంటూ పోయి చివరికి తానే చచ్చిపోతుంది. లిగ్నిన్ అంటే కర్రకు గట్టిదనం ఇచ్చేది. అలాంటి కణాలు పదులు, వందలు ఒక చోట గుంపుకడితే పంటికి పలుకులా తగులుతుంది. గింజ గది చుట్టూ, తొక్క కింద ఎక్కువ. జామలో, సపోటాలో ఉండేవి కూడా ఇవే.

గుంటూరు_బోటనీ_మాస్టారు
ఆగస్టు 18, రాత్రి 8:20

చక్కగా చెప్పావు బాబూ. ఇది నాకు ఇష్టమైన పాఠం, రెండు మాటలు కలుపుతాను.

ఇంటర్ పిల్లలకు ప్రతి ఏడూ జామకాయతో చూపించేవాణ్ణి. ఒక ఏడు మా అటెండర్ బ్రాడీపేట నుంచి బేరికాయ పట్టుకొచ్చాడు. గింజ పక్కన కండను సూది మొనతో గోరులో సగమంత తీసి, స్లైడ్ మీద నలిపి, ఒక చుక్క సాఫ్రనిన్ అనే ఎర్రరంగు వేసి, కడిగి, మైక్రోస్కోప్ కింద పెట్టాం. చుట్టూ కండ కణాలు రంగు లేకుండా సబ్బు నురగలా ఉన్నాయి. మధ్యలో ఎర్రగా ఒక గుత్తి. ఒక్కో కణం గోడ ఎంత మందమంటే, మధ్యలో ఖాళీ చుక్కంత మిగిలింది. ఆ చుక్క నుంచి గోడలోకి సన్నని కాలువలు, చెట్టు కొమ్మల్లా చీలుతూ. కణం బతికి ఉన్న రోజుల్లో పక్క కణాలతో మాట్లాడుకున్న దారులవి. వెనక బెంచీ అబ్బాయి ఒకడు కన్ను తీయకుండా "సార్, ఇది పండులో చెక్క ముక్క సార్" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఈ కణాలు పూత తర్వాత తొలి రెండు నెలల్లోనే ఎక్కువగా తయారవుతాయి. తర్వాత కండ ఉబ్బుతుంది కాబట్టి పండులో వాటి వాటా తగ్గుతుంది. 2013లో చైనా బేరి జన్యుపటం వచ్చింది, డాంగ్‌షాన్ సూ అనే రకానిది. 42,812 జన్యువులు లెక్క తేలాయి. లిగ్నిన్ తయారీలో ఏ జన్యువులు ఎప్పుడు పనిచేస్తున్నాయో అప్పటి నుంచి స్పష్టంగా చూడగలుగుతున్నారు. పలుకులు తక్కువ ఉన్న రకాలు తీయాలన్న ప్రయత్నానికి అదే పునాది.

సుధగారూ, పెద్దాయనకు పెట్టేటప్పుడు తొక్క మందంగా తీసి, గింజ చుట్టూ వేలెడు వెడల్పు తోడేస్తే పలుకులు చాలా వరకు పోతాయి.

బ్రాడీపేట_మేడతోట
ఆగస్టు 19, ఉదయం 7:10

మేడ మీద కాస్తుందా అన్నదానికి నా అనుభవం చెబుతాను అక్కయ్యా. ఆరేళ్ల కిందట ఒక నర్సరీలో అంటు మొక్క కొన్నాను. "గుంటూరు ఎండకు కూడా కాస్తుంది, మూడో ఏడు పూత" అని గట్టిగా చెప్పి ఇచ్చారు. పెద్ద డ్రమ్ములో పెట్టి, వర్మికంపోస్ట్ వేసి పిల్లలా పెంచాను. ఎనిమిదడుగులు పెరిగింది. ఇప్పటి దాకా ఒక్క పువ్వు లేదు. వేసవిలో ఆకుల అంచులు మాడిపోతాయి. చలికాలంలో ఆకు పూర్తిగా రాలదు, ఒక కొమ్మ చిగురిస్తుంటే ఇంకో కొమ్మ మొండిగా ఉంటుంది. నేనేం తప్పు చేశానో అని ఆరేళ్లుగా తల పట్టుకుంటున్నాను.

తెనాలి_నుంచి_కొండలకు
ఆగస్టు 19, రాత్రి 10:15

అన్నయ్యా, మీ తప్పు లేదు. మీరు రాసిన లక్షణం, ఒక కొమ్మ చిగురించి ఇంకోటి మొండికేయడం, చలి అందని చెట్టుకు అచ్చమైన గుర్తు. బేరి మొగ్గలు శీతాకాలంలో నిద్రపోతాయి. ఎన్ని గంటల చలి తగిలిందో లోపల లెక్క ఉంటుంది. 7 డిగ్రీల కంటే తక్కువలో గడిచిన గంటలను చలి గంటలంటాం. ఐరోపా రకాలకు అలాంటివి దాదాపు వెయ్యి కావాలి. మొగ్గను నిద్రలో పట్టి ఉంచే కొన్ని జన్యువులున్నాయి, డీఏఎం జన్యువులంటారు. చలి కూడేకొద్దీ వాటి పట్టు సడలుతుంది. గుంటూరులో సంక్రాంతి తెల్లవారుజామున కూడా 7 డిగ్రీలు ఉండవు. ఆ మొగ్గకు చలికాలం వచ్చినట్టే తెలియదు. పంజాబ్ మైదానాల్లో పండించే పత్తర్‌నాఖ్ లాంటి గట్టి రకాలకు తక్కువ చలి చాలు, కానీ కోస్తాకు అవి కూడా కష్టమే.

సుధక్క కుండీలోని గింజల సంగతి ఇంకొంచెం భిన్నం. వాటికి కాయలోనే చలి అందింది కాబట్టి మొక్క పెరుగుతుంది. కానీ అది మీరు తిన్న కాయ రకం కాదు. ఎందుకంటే బేరి తన పుప్పొడిని తాను ఒప్పుకోదు.

ఇది నేను పనిచేసే విషయం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, విసుక్కోకండి. బేరి పువ్వులో ఐదు కీలాలుంటాయి. పుప్పొడి వాటి కొన మీద పడి, సన్నని గొట్టంలా మొలిచి, కీలంలోంచి కిందికి దిగి అండాన్ని చేరాలి. కీలంలో ఎస్-ఆర్ఎన్ఏజ్ అనే ఎంజైము ఉంటుంది. అది పుప్పొడి గొట్టంలోకి చొరబడి దాని ఆర్ఎన్ఏను ముక్కలు చేస్తుంది. పరాయి పుప్పొడి దాన్ని గుర్తుపట్టి నిర్వీర్యం చేయగలదు, సొంత రకం పుప్పొడి చేయలేదు. ఫ్లోరసెంట్ మైక్రోస్కోప్ కింద నేను కళ్లారా చూస్తుంటాను. పరాయి గొట్టాలు మెరిసే దారాల్లా కింది దాకా దిగుతాయి. సొంతవి సగం దారిలో కొన ఉబ్బి ఆగిపోతాయి. ఎన్నిసార్లు చూసినా ఆ ఆగిపోయిన చోట నా కన్ను నిలిచిపోతుంది.

దీన్ని మొదట గమనించింది మెర్టన్ వెయిట్ అనే అమెరికన్, 1890లలో. ఒకే బార్ట్‌లెట్ రకం వేసిన పెద్ద తోట పూత పూసీ కాయడం లేదని వెతికి, పక్కన వేరే రకం ఉండాలని తేల్చాడు. అంటు కట్టిన చెట్లన్నీ ఒకే చెట్టు కింద లెక్క, ఎన్ని వేలున్నా. అందుకే మేము తోటలో మధ్య మధ్య వేరే రకం నాటమని రైతులకు చెబుతాం. పైగా బేరి పువ్వు తేనెలో చక్కెర తక్కువ, తేనెటీగలకు దాని మీద మోజు లేదు. చైనాలో హాన్‌యువాన్ అనే ప్రాంతంలో రైతులు వెదురు కర్ర కొసకు కోడి ఈకలు కట్టి, చెట్టెక్కి పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దుతారు.

జపాన్‌లో నిజిస్సెయికి అనే రకం ఉంది. 1888లో ఒక పదమూడేళ్ల కుర్రవాడికి చెత్తకుప్ప దగ్గర మొలిచిన మొక్కగా దొరికింది. ఆ పేరుకు ఇరవయ్యో శతాబ్దం అని అర్థం. దానికి కూడా పరాయి పుప్పొడే కావాలి. తర్వాత ఒకచోట తన పుప్పొడితో తానే కాసే చెట్టొకటి బయటపడింది. చూస్తే ఆ ఎంజైము జన్యువు ఉన్న ముక్కే దాని డీఎన్ఏలో ఊడిపోయింది. కాపలావాడు లేడు కాబట్టి తలుపు తెరుచుకుంది. ఈ ఎంజైమే కాపలా అనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కాబట్టి అక్కా, మీ కుండీలో రెండు మొక్కలూ రెండు కొత్త రకాలు. ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి. విజయవాడలో కాయవు, నిజమే. ఆకు మాత్రం అందంగా ఉంటుంది.

ధాన్యకటకం_దారి
ఆగస్టు 20, ఉదయం 9:30

నాకు మొక్కల శాస్త్రం రాదు, అమరావతి చరిత్ర మీద ఆసక్తి. ఈ పండుకూ మన కృష్ణ ఒడ్డుకూ ఒక చుట్టరికం ఉందని చెప్పాలనిపించింది. బేరి, పీచ్ మన దేశానికి ఎలా వచ్చాయో రాసినవాడు చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్. కనిష్కుడి కాలంలో బందీలుగా వచ్చిన చైనా రాకుమారులు పంజాబ్ ప్రాంతంలో నాటారని, అందుకే బేరిని చీనరాజపుత్ర అంటారని రాశాడు. ఆయనే 7వ శతాబ్దంలో మన ధాన్యకటకానికి వచ్చి, కొన్ని నెలలు ఉండి, బౌద్ధ గ్రంథాలు చదువుకున్నాడు. ఆ పేరు రాసిన మనిషి మన నది నీళ్లు తాగాడన్నమాట.

తెనాలి_నుంచి_కొండలకు
ఆగస్టు 20, మధ్యాహ్నం 1:40

ఈ సంగతి నాకు తెలియదండీ, ఒళ్లు పులకరించింది. దీనికి ఆనుకునే ఇంకొకటి. 2018లో 113 బేరి రకాల జన్యువులు పోల్చి చూశారు. ఆసియా బేరి, ఐరోపా బేరి ఒకదాన్నుంచి ఒకటి రాలేదని, మనుషులు రెండు చోట్ల విడివిడిగా మచ్చిక చేసుకున్నారని తేలింది. ఆసియావి చెట్టు మీదే పండి కరకరలాడతాయి, ఐరోపావి కోశాక మాగి వెన్నలా కరుగుతాయి. రాకుమారులు తెచ్చిన కథ నిజమైతే అది కరకరలాడే వంశం. మామయ్యగారి మోచేతి దాకా కారిన పండులో ఐరోపా రక్తం ఉండి ఉంటుంది. ఇక్కడి కొండల్లో ఈ రెండూ రాకముందు నుంచే కైంత్ అనే అడవి బేరి ఉంది. గోళీకాయంత కాయలు, నల్లబడి మెత్తబడ్డాకే తింటారు. దాని మొక్క మీదే మేము మంచి రకాల అంటు కడతాం.

ఆరోగ్యమే_ముఖ్యం
ఆగస్టు 20, రాత్రి 9:00

మొత్తం చదివాను. కార్బైడ్ అని తొందరపడ్డాను. శీను గారూ, మీ మనసు నొచ్చుకుంటే మన్నించండి. ఒక్క సందేహం, షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా? నాకు పదిహేనేళ్లుగా ఉంది.

గుంటూరు_బోటనీ_మాస్టారు
ఆగస్టు 21, ఉదయం 6:30

ఎంత తినాలన్నది మీ డాక్టరుగారే చెప్పాలి. నేను చెప్పగలిగింది పండులో ఏముందో. 100 గ్రాముల్లో చక్కెరలు 10 గ్రాముల దగ్గర, పీచు 3 గ్రాములు. ఇంకొకటి సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం. చాలా మొక్కలు ఆకులో చేసిన ఆహారాన్ని సుక్రోజ్‌గా కాయకు పంపుతాయి. బేరి, ఆపిల్ ఎక్కువగా సార్బిటాల్‌గా పంపుతాయి, కాయలో అది ఫ్రక్టోజ్‌గా మారుతుంది, కొంత అలాగే మిగులుతుంది. అది పేగుల్లోకి నీరు లాగుతుంది. మలబద్ధకం ఉన్నవాళ్లకు మంచిది, కడుపు సున్నితంగా ఉన్నవాళ్లకు ఉబ్బరం.

కేదారేశ్వరపేట_శీను
ఆగస్టు 22, ఉదయం 5:40

పెద్దవారు, మన్నింపులు పెద్ద మాట. సుధమ్మా, నిన్న కొత్త హిమాచల్ సరుకు దిగింది. పేరు చెప్పి అడగండి, ఈ ఏటి కోత బబ్బుగోషా అని. మచ్చలున్నాయని వెనక్కి పెట్టకండి. ముచ్చిక గట్టిగా, తొడిమ పచ్చిగా ఉన్నవి ఏరుకోండి. తొడిమ ఎండి నల్లబడితే పాత కాయ.

తెనాలి_నుంచి_కొండలకు
ఆగస్టు 22, ఉదయం 8:00

తెచ్చాక ఇలా చేయండి అక్కా. కవర్ మూతి కట్టకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో ఒక వారం ఉంచండి. తర్వాత రోజుకు రెండు కాయల చొప్పున బయటికి తీసి, కాగితం సంచిలో మగ్గిన అరటిపండు ఒకటి తోడు పెట్టండి. అరటి వదిలే ఇథిలీన్ దీనికి పనికొస్తుంది. సంచిని వంటింట్లో పెట్టకండి, ఏసీ ఉన్న గదిలో పెట్టండి. రోజూ ముచ్చిక దగ్గర నొక్కి చూడండి. లొంగిన రోజే కోసేయాలి, మర్నాటికి ఆగొద్దు.

పటమట_సుధ
సెప్టెంబరు 3, రాత్రి 8:50

ఇన్నాళ్లూ రాయనందుకు ఏమీ అనుకోకండి, ఫలితం చూశాకే రాద్దామని ఆగాను.

కొత్త కాయలు ఎనిమిది తెచ్చాను. మచ్చలున్నవే. వారం ఫ్రిజ్‌లో, తర్వాత చక్కెరకేళి ఒకటి వేసి కాగితం సంచిలో, మామయ్యగారి గదిలోనే పెట్టాను. ఆయనకది పనైంది. పొద్దున లేవగానే సంచి తెరిచి ఒక్కో కాయ ముచ్చిక దగ్గర బొటనవేలు ఆనించి చూసేవారు. మూడో రోజు వాసన పట్టింది. నాలుగో రోజు పొద్దున్నే నన్ను పిలిచి "అమ్మాయ్, ఇవాళ కోయి" అన్నారు.

మాస్టారు చెప్పినట్టు తొక్క మందంగా తీసి, గింజ చుట్టూ తోడేశాను. గింజ గది తెల్లగా ఉంది. కత్తి దిగుతుంటేనే పళ్లెంలోకి రసం కారింది. ఆయన చెంచా వద్దన్నారు, చేత్తోనే తిన్నారు. మోచేతి దాకా కారితే తువ్వాలు ఇవ్వబోయాను, ఉండమని సైగ చేశారు. ఇంకో ముక్క అడిగారు.

మిగతావి కూడా బాగా మాగాయి. ఒక్కటి మాత్రం మరచిపోయి ఒక రోజు ఆలస్యంగా కోశాను, లోపల కొంచెం రంగు తిరిగింది. శీను గారి మాట అక్షరాలా నిజం.

కుండీలో రెండు మొలకలూ నాలుగేసి ఆకులు వేశాయి. నున్నగా, అంచున సన్నని రంపపు పళ్లతో ఉన్నాయి. కాయవని తెలిసినా పెంచుతాను. ఎండ తగలకుండా పొద్దుటి నీడ వైపు పెట్టాను. డ్రమ్ములోకి ఎప్పుడు మార్చాలో బ్రాడీపేట తమ్ముడు చెప్పాలి.

బ్రాడీపేట_మేడతోట
సెప్టెంబరు 4, ఉదయం 6:55

ఇప్పుడే కదిలించకండి అక్కయ్యా. జానెడు ఎత్తు వచ్చి, కార్తీకమాసం వానలు తగ్గాక మార్చండి. నా దగ్గర ఒక డ్రమ్ము ఖాళీగా ఉంది, ఆదివారం విజయవాడ వస్తున్నాను, తెచ్చిస్తాను.